జల్లుకొండ తాడు

నేను ఒక కొబ్బరిపీచు తాడును. బొటనవేలంత లావు, మూడు పేటల పురి. ఇప్పుడు నా పొడవు పది బారలకు మించదు గాని, ఒకప్పుడు ఒక కొండ మీద అడవి బాట మొదలు నుంచి చివరి దాకా నేనే ఉండేదాన్ని. తాడుకు లోకంలో ఉన్న పనులు రెండే. కట్టడం, లాగడం. నాకు మూడో పని ఒకటి దొరికింది, దారి చూపడం. ఆ మూడో పని చేస్తూనే ఒక మనిషి తుంటి విరిచాను.

కోనసీమలో ఒక కాలువ గట్టున పుట్టాను. పుట్టకముందు ఎనిమిది నెలలు బురదనీళ్ళలో నానాను. తరవాత ఆడవాళ్ళు చెక్క సుత్తులతో చితక్కొట్టారు. నన్ను పేనినావిడ పేరు సత్తెమ్మ. తాడు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఒడిలో పీచు పెట్టుకుని, అరచేతుల్లో పురి తిప్పుకుంటూ, రోజంతా ఆవిడ వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉండేది. ఆవిడ అరచేతుల్లో గీతలు లేవు. అవన్నీ ఎప్పుడో పీచులో కలిసిపోయాయి.

నా మొదటి యజమాని షామియానాలు వేసేవాడు. ఒకే వారంలో పెళ్ళిపందిరికీ చావుపందిరికీ నన్నే కట్టేవాడు. రెండు చోట్లా జనం భోజనాల దగ్గరే ఎక్కువ తోసుకునేవారు. ఒక వేసవిలో ఎవరో నాయకుడు వస్తున్నాడని నన్ను రోడ్డు పొడుగునా కట్టి, నా వెనక జనాన్ని నిలబెట్టారు. ఆ నాయకుడు ఐదు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా ఒక ముసలాయన నా మీదకు వాలి సొమ్మసిల్లిపోయాడు. ఆయన్ని కాళ్ళు పట్టుకుని పక్కకు లాగి, ఆ ఖాళీలో ఇంకొకణ్ణి నిలబెట్టారు. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

తరవాత ఒక కాంట్రాక్టరు నన్ను కొన్నాడు. కడిగి, ఎండబెట్టి, వయసు దాచి పెళ్ళి చేసినట్టుగా, కొత్త తాడని చెప్పి జల్లుకొండకు పంపించాడు.

జల్లుకొండ ఉత్తరాంధ్ర కొండల్లో ఒక మోస్తరు కొండ. కింద ఇప్పలవలస అనే ఊరు. కొండమీద ఒక గట్టు ఉంది. అక్కడ నిలబడితే ఏరు, ఆ ఏటి మలుపులు, అవతలి కొండలు మొత్తం కనిపిస్తాయి. శైలబాల అనే రేంజరు ఆ గట్టు దాకా ఒక బాట వేయించింది. వాహనాలు ఆగే చోటి నుంచి మూడువందల గజాల చెక్కల బాట, మెట్టన్నది లేకుండా, చక్రాల కుర్చీ తోసుకుపోయేటంత వాలులో. ఒక పక్కన నడుమెత్తు గుంజలు పాతి, ఆ గుంజల మీదుగా నన్ను బిగించింది, కళ్ళు లేనివాళ్ళు పట్టుకుని నడవడానికి. నాలో అక్కడక్కడా ముళ్ళు వేయించింది. ఒక ముడి తగిలితే మలుపు. రెండు ముళ్ళు తగిలితే కూర్చునే బల్ల. మూడు ముళ్ళు తగిలితే ఆగాలి, ముందు గట్టు అంచు ఉందని.

ముళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి కళ్ళు లేని మనిషి ఒకరు కావాల్సి వచ్చారు. బాట కాపలాదారు గౌరీసు ఇప్పలవలస వెళ్ళి దాలమ్మను తీసుకొచ్చాడు.

దాలమ్మకు అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. ఇరవై నాలుగో ఏట రాతి క్వారీలో పనిచేస్తుంటే, పేలదనుకున్న మందు పేలి రెండు కళ్ళూ పోయాయి. అంతకుముందు ఆమె ఈ కొండంతా తిరిగిన మనిషి. అడ్డాకులు కోసి మోపులు కట్టి దించేది. కళ్ళు పోయాక పదహారేళ్ళు చెల్లెలు నూకాలు ఇంట్లో, పెరటి గోడ పక్కన కూర్చుని, ఇంకెవరో కోసి తెచ్చిన ఆకులతో విస్తళ్ళు కుట్టింది.

ఆ రోజు ఆమె నా మీద చెయ్యి వేసిన తీరు నాకింకా తెలుసు. ముందు నాలుగు వేళ్ళతో తడిమింది. ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూసింది. తరవాత గుప్పిట్లోకి తీసుకుంది. ఒక్కో ముడి దగ్గరా ఆగి, పేరు పిలిచినట్టు, "మలుపు... బల్ల... మలుపు" అనుకుంటూ నడిచింది. చివర మూడు ముళ్ళు తగిలాయి. ఆగి నవ్వింది.

"మూడు ముళ్ళు పడితే ఆడది ఆగిపోవాలని పెట్టినారేటి అమ్మా?"

శైలబాల కూడా నవ్వింది. దాలమ్మ నన్ను వదిలి, గట్టు కంచె పట్టుకుని నిలబడింది. గాలి మొహానికి కొడుతోంది. మొహం అటూ ఇటూ తిప్పి దిక్కు చూసుకుంది. తరవాత చెయ్యి చాచి చూపించడం మొదలుపెట్టింది. "అదిగో, అక్కడ ఏరు రెండు పాయలవుద్ది. ఆ పాయల నడాన సింతతోపు. ఇటు పక్క, మా అమ్మోళ్ళ ఊరు. దానెనక పెద్దకొండ." వేలు ఎటు చూపితే అటు అన్నీ ఉన్నాయి. శైలబాల ఒకసారి ఆ వేలి వంకా, ఒకసారి లోయ వంకా చూసి, "రేపట్నించి రోజూ రా దాలమ్మా. వచ్చినవాళ్ళకి చెబుదువుగాని" అంది.

అలా దాలమ్మ రోజూ రావడం మొదలైంది. పొద్దున ఎండ చెట్ల మీదకు వచ్చే వేళకు నూకాలు ఆమెను బాట మొదట్లో వదిలి వెళ్ళేది. అక్కణ్ణుంచి నేను. నాలుగు నెలలు తిరిగేసరికి ఆమె నన్ను తడమడం మానేసింది. ఊరికే అరచెయ్యి నా మీద జారవిడిచి, ఆకుల సంచి భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ వచ్చేసేది. ఆ చెయ్యి బరువు నాకు అలవాటైపోయింది.

బాటకు వచ్చేవాళ్ళు మంచి జనమే. చదువుకున్నవాళ్ళు, పిల్లలకు చెట్ల పేర్లు చెప్పేవాళ్ళు. అయినా దాలమ్మ కనబడగానే ఏదో ఒకటి చేయాలనిపించేది వాళ్ళకు. మొహం ముందు చెయ్యి ఊపి చూసేవారు. చప్పుడు కాకుండా ఎదురుగా వచ్చి నిలబడి, ఆమె గుద్దుకునే దాకా కదలకుండా ఉండేవారు. ఒకసారి ఒక పాప ఆకుతో ఎత్తి తెచ్చి నా మీద గొంగళిపురుగు పెట్టింది. వాళ్ళ నాన్న వారించకుండా ఫోన్లో ఫొటో తీశాడు. దాలమ్మ చెయ్యి దాని మీద పడింది. చర్మం ఎర్రగా పొంగింది. ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుని, "పురుగుకేటి తెలుసు, పాపం" అని ముందుకు నడిచింది. ఆ నాన్నకు ఆ మాట నచ్చింది. అందరికీ చెప్పుకున్నాడు.

ఆమెకు ఒక్కటే దిగులు. ఆమె దగ్గరున్న లోయ పదహారేళ్ళ కిందటిది. ఇప్పుడెలా ఉందో ఎవరైనా చెబితే బాగుండునని ప్రతివాళ్ళనూ అడిగేది. "ఏటి కనబడతంది బాబూ? కాస్త సెప్పండి." వాళ్ళు "సూపర్‌గా ఉంది" అనేవారు. "అబ్బ, ఏం వ్యూ" అనేవారు. అంతకు మించి వాళ్ళకు మాటలు లేవు. కళ్ళున్నవాళ్ళకు మాటల అవసరం పెద్దగా ఉండదని అప్పుడు నాకు తెలిసింది.

మాటలున్న మనిషి ఒకావిడ వచ్చింది. ఆవిడ పేరు హైమవతి. పట్నంలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. పక్షవాతంతో నడుము కింద చచ్చుబడి, రెండేళ్ళుగా చక్రాల కుర్చీలోనే ఉంది. కొడుకు శశిభూషణ్ కాలేజీ లెక్చరర్. అతనే కుర్చీ తోసుకొచ్చాడు. ఈ బాటలో కుర్చీ వెళ్తుందని ఎక్కడో చదివి, తీసుకెళ్ళమని ఆవిడే పట్టుబట్టిందట. తోస్తున్నంతసేపూ అతను గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

గట్టు మీద దాలమ్మ తనకు తెలిసిన లోయంతా చూపించి, ఇప్పుడెలా ఉందో చెప్పమని మామూలుగానే అడిగింది. హైమవతి కళ్ళజోడు తుడుచుకుంది.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావు?"

"ఏటి కాణ్ణించి అమ్మగారూ."

"ఏట్లో నీళ్ళు తక్కువ. ఇసుక ఎక్కువ కనిపిస్తోంది. రెండు పాయలన్నావు చూడు, ఎడమ పాయ ఎండిపోయింది. మధ్యలో చింతతోపు లేదు."

విస్తరి కుడుతున్న దాలమ్మ చేతిలో పుల్ల ఆగింది. "లేదా?"

"లేదు. ఆ చోట నల్లటి పలకలు పరిచారు. ఎండతో కరెంటు చేస్తారే, అవి. దూరానికి చెరువులా మెరుస్తున్నాయి."

"పెద్దకొండ?"

హైమవతి అటు తిరిగి చూసింది. "సగమే ఉంది దాలమ్మా. ఇటుపక్క సగం క్వారీ తినేసింది. కోసిన గుమ్మడికాయలా ఉంది."

ఇలా దాలమ్మకు నిజం చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఆమె తల ఊపుతూ, ఒక్కొక్కటే లోపలున్న బొమ్మలోంచి తీసేసి, కొత్తది పెట్టుకుంది. ఆ తరవాత దాలమ్మ వంతు వచ్చింది. వినబడే పిట్ట ఏదో, గాలి ఏ పూల మీంచి వస్తోందో, సాయంత్రానికి వాన ఉందో లేదో చెప్పింది. ఒకరికి కాళ్ళు లేవు, ఒకరికి కళ్ళు లేవు. రెండు గంటలు కూర్చుని ఇద్దరూ కలిసి ఆ లోయంతా తిరిగొచ్చారు. నేను పక్కనే ఉండి విన్నాను.

హైమవతి తరవాతి నెల మళ్ళీ వచ్చింది. మూడో నెలా వచ్చింది. మూడోసారి శశిభూషణ్ భార్య మాధురి కూడా వచ్చింది.

ఆ రోజు వాళ్ళే ముందు వచ్చారు. చివరి మలుపు దగ్గర కుర్చీ ఆపి, బ్రేకు వేసి, శశిభూషణ్ మొహం తుడుచుకున్నాడు. అక్కణ్ణుంచి గట్టుకు ఇరవై అడుగులు. ఎడమ పక్కన దట్టంగా ముళ్ళపొద, దాని అవతల ఒక మద్దిచెట్టు.

"ప్రతి నెలా ఇక్కడికేనా అమ్మా? ఆవిడతో అంత మాట్లాడేదేముంది?"

"ఆవిడ నీకంటే బాగా చూస్తుందిరా" అంది హైమవతి. "మూడుసార్లొచ్చావు. కింద ఏముందో ఒక్కటి చెప్పు, చూద్దాం."

మాధురి కిసుక్కున నవ్వింది. తల్లి అన్న మాటకన్నా ఆ నవ్వు అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"బాగా చూస్తుందా? అవును, చూస్తుంది. అదే నేననేది. చెయ్యి చాపి అన్నీ సూటిగా చూపిస్తుంది. కళ్ళు లేనివాళ్ళెవరైనా అలా చూపిస్తారా? నీలాంటివాళ్ళు జాలిపడతారని నాటకం."

"ఛ, అలా అనకు."

"అయితే ఇప్పుడే తేల్చేద్దాం."

కిందనుంచి దాలమ్మ పాట వినిపిస్తోంది. శశిభూషణ్ గబగబా వచ్చి చివరి గుంజల మీంచి నన్ను విప్పాడు. నా కొసను లాగి, ముళ్ళపొద పక్కనుంచి తీసుకెళ్ళి, మద్దిచెట్టు మానుకు చుట్టాడు. మూడు ముళ్ళూ ఆ చుట్టలో ఇరుక్కుపోయాయి. అతని ఉద్దేశం చిన్నదే. చూపుంటే ఆవిడ ఆగుతుంది, దొంగ దొరుకుతుంది. లేకపోతే పొదలో పడుతుంది, నాలుగు ముళ్ళు గుచ్చుకుంటాయి, సారీ చెబితే పోతుంది. చెట్టుకూ పొదకూ మధ్య ఏముందో అతను వంగి చూడలేదు. వానలకు కోసుకుపోయిన గండి ఉంది అక్కడ. రెండు నిలువుల లోతు, అడుగున రాళ్ళు.

"శశీ, ఏం చేస్తున్నావు?" అంది హైమవతి. అతను పెదాల మీద వేలు పెట్టాడు. మాధురి ఫోన్ పైకెత్తింది.

దాలమ్మ మలుపు దగ్గరికి వచ్చింది. ఒక ముడి తగిలింది. తిరిగింది. పాట ఆపి గాలి పీల్చింది.

"అమ్మగారొచ్చినట్టున్నారే! మీ సబ్బు వాసనేసింది. గట్టు కాడున్నారా?"

ఎవరూ పలకలేదు. ఆమె నవ్వుకుని ముందుకు అడుగేసింది.

రెండో అడుగుకు కాలి కింద చెక్క అయిపోయింది. మట్టి తగిలింది. ఆమె ఆగింది. ఉత్త కాలితో నేల రాసి చూసింది. "ఇదేటి, సెక్క లేదు?" చేతిలో నన్ను గట్టిగా పట్టుకుంది. నేను బిగుతుగానే ఉన్నాను. నన్ను ఎవరు ఎక్కడ కడితే అక్కడికే తీసుకెళ్తాను. అంతకు మించి నాకేమీ రాదు. "బాగు సేస్తన్నారు కామోసు" అనుకుంది దాలమ్మ. తన కాలు ఒక మాట చెప్పింది, నేను ఒక మాట చెప్పాను. ఆమె నన్ను నమ్మింది.

ఇంకో నాలుగడుగులు. నాలుగడుగుల్లో ఒక మనిషి ఒక కేక వేయవచ్చు. హైమవతి నోరు తెరిచింది. నాకు కనిపించింది. ముప్పై ఏళ్ళు బడి మైదానం అవతలి పిల్లలకు కూడా వినబడిన గొంతు అది. నోరు తెరుచుకునే ఉంది, గొంతు రాలేదు. ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, దాలమ్మ కాళ్ళ వంక చూస్తోంది.

దాలమ్మ కాలు గాలిలో పడింది.

ఆమె నన్ను వదల్లేదు. ఆ బరువంతా నా మీద పడింది. నేను సాగాను, నిలిచాను. నా పురి ఏనుగునైనా ఆపుతుంది. కాని శశిభూషణ్‌కు ముడి వేయడం రాదు. చెట్టు చుట్టూ అతను వేసింది రెండు మెలికలే. అవి జారిపోయాయి. దాలమ్మ అరచేతుల తోలు నా పొడుగునా ఊడొచ్చింది. కింద రాళ్ళ మీద గుమ్మడికాయ పడినట్టు ఒకటే చప్పుడు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తరవాత సన్నగా, ఆవుదూడ అరిచినట్టు ఒక మూలుగు.

మాధురి ఫోన్ దించేసి, తీసినదంతా చెరిపేసింది. శశిభూషణ్ మొహం తెల్లగా పాలిపోయింది. అయినా అతను ముందు పరుగెత్తింది గండి దగ్గరకు కాదు, నా దగ్గరకు. నా కొసను లాక్కొచ్చి, ఎప్పటిలా గుంజలకు చుట్టి, మూడు ముళ్ళను వాటి చోట నిలబెట్టాడు. ఈసారి గట్టిగా కట్టాడు. అప్పుడు కేక వేశాడు. "ఎవరైనా రండి! ఆవిడ పడిపోయింది!"

గౌరీసు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ గండిలోకి దిగారు. దాలమ్మను భుజాన వేసుకుని పైకి తెచ్చింది శశిభూషణే. చొక్కా అంతా రక్తం. ఆ చొక్కా చూసి చుట్టూ చేరినవాళ్ళు అతనికి నీళ్ళిచ్చారు, వీపు తట్టారు. దాలమ్మ ఒకటే మాట అంటోంది, "తాడు... తాడు..." పాపం, ఇంకా తాడునే అడుగుతోంది అనుకున్నారు అందరూ.

ఏడు వారాల తరవాత విచారణ. పైఅధికారి ఒకాయన కొండకే వచ్చాడు. దాలమ్మ తుంటి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. బాట మొదట్లో వచ్చేవాళ్ళ కోసం ఉంచిన చక్రాల కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి గౌరీసు తోసుకొచ్చాడు. ఆ చివరి మలుపు దగ్గర, రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా ఆగాయి. ఒక దాంట్లో దాలమ్మ. ఇంకోదాంట్లో హైమవతి, వెనక పిడి పట్టుకుని శశిభూషణ్.

"ఎలా పడ్డావో చెప్పమ్మా" అన్నాడు అధికారి.

"నాను తాడొదల్లేదు బాబూ. తాడే ఎల్లింది. సెక్క మీంచి మట్టిలోకి ఎల్లింది. నానెనకాలెల్లినాను."

"తాడు వెళ్ళిందా?" ఆయన నన్ను పట్టుకుని ఊపి చూశాడు. నేను నా గుంజల మీద నా చోటనే ఉన్నాను. వెనక ఎవరో నవ్వారు.

శైలబాల ముందుకొచ్చింది. "సార్, ఈ కొసంతా రక్తం మరక ఉంది చూడండి. చెయ్యి వదిలేసి పడిందని అందరూ అంటున్నారు. అలా వదిలేసిన మనిషి రక్తం తాడుకు ఎలా అంటుతుంది?"

"పడేటప్పుడు పట్టుకోబోయి ఉంటుంది. ఎవరైనా చూశారా?"

దాలమ్మ మొహం వెలిగింది. నిజంగా వెలిగింది. "అమ్మగారున్నారు బాబూ! ఆ యేళ ఆరిక్కడే ఉన్నారు. ఆరికి బాగా కనబడుద్ది. ఏది ఎలాగుంటే అలాగే సెప్తారు, ఒక్క ముక్క ఎక్కువా సెప్పరు, తక్కువా సెప్పరు. ఆర్నడగండి."

అందరూ హైమవతి వైపు తిరిగారు. శశిభూషణ్ కుర్చీ పిడి మీద వేళ్ళు బిగించాడు, అంతే. కుర్చీ ఒక అంగుళం ముందుకు కదిలి ఆగింది.

"ఆవిడే చెయ్యి వదిలేసింది" అంది హైమవతి. "పాడుకుంటూ వచ్చింది. మలుపు చూసుకోలేదు. నేను చూశాను."

స్పష్టంగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. అధికారి రాసుకున్నాడు. దాలమ్మ తల పక్కకు తిప్పి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో మళ్ళీ వెతుకుతున్నట్టు చెవి పెట్టింది. కాసేపటికి మెల్లగా, "అమ్మగారు సూసినానంటే సూసినట్టే బాబూ. నాకేటి కళ్ళున్నాయా" అంది.

అధికారి గండి చూడటానికి వెళ్ళాడు. అందరూ ఆయన వెంట వెళ్ళారు. శశిభూషణ్‌ను కూడా, ఎలా కాపాడావో చూపించమని పిలిచారు. మలుపు దగ్గర రెండు కుర్చీలూ, నేనూ మిగిలాం.

హైమవతి గొంతు తగ్గించింది. "దాలమ్మా... వాడు లేకపోతే నేను మంచం మీంచి కిందికి కూడా దిగలేను. పొద్దున లేచింది మొదలు నన్ను ఎత్తాలన్నా, దించాలన్నా వాడే."

"మీ బాబుని పట్టియ్యమనలేదమ్మా నాను" అంది దాలమ్మ. "ఆ పొద్దు నన్నేల పిలవలేదు? మీకు కనబడతంది గదా. ఒక్క కేక. దాలీ ఆగు అని ఒక్క కేక."

హైమవతి చెంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఆవిడకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు. ఒకటి చెప్పేసరికే అలిసిపోయింది. రెండోది చెప్పలేకపోయింది.

"నాకూ తెలుసుకోవాలనిపించింది" అంది. "నీకు నిజంగా కనబడదా అని."

గాలి ఆగిపోయి ఉంది. దాలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరచేతుల్లో కొత్త తోలు పలచగా, గులాబీ రంగులో మెరుస్తోంది.

"తెలిసిందా అమ్మగారూ?" అంది.

హైమవతి ఏడ్చింది. చప్పుడు కాకుండానే ఏడ్చింది. కాని దాలమ్మకు వినబడే ఉంటుంది. ఆమె ఓదార్చలేదు. గౌరీసును పిలిచి, "తమ్ముడూ, ఇంటికెల్దుము" అంది.

విచారణ ఫలితం నెల తిరక్కుండానే వచ్చింది. కళ్ళు లేని మనిషిని బాట మీదకు రానిచ్చిందని శైలబాలను ఎక్కడో ఎడారి లాంటి చోటుకు బదిలీ చేశారు. శశిభూషణ్‌కు, ప్రాణాలకు తెగించి గండిలోకి దిగినందుకు, గట్టు మీద సభ పెట్టి శాలువా కప్పారు. అతను చక్కగా మాట్లాడాడు. వికలాంగుల పట్ల సమాజం బాధ్యత గురించి పది నిమిషాలు చెప్పాడు. హైమవతి ముందు వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టే వేళకు ఆవిడా రెండు చేతులూ కలిపింది. ఆ రోజంతా ఆవిడ ఒక్కసారి కూడా లోయ వైపు చూడలేదు.

బాట మొదట్లో కొత్త బోర్డు పెట్టారు. చక్రాల కుర్చీ బొమ్మ కింద, పెద్ద అక్షరాలతో, 'భద్రతా కారణాల వల్ల అంధులకు ప్రవేశం లేదు' అని. ఇంక నాతో పనేముంది? నన్ను ముక్కలుగా కోసి తలా ఒకటి పట్టుకుపోయారు. కొన్ని ముక్కలు ఎడ్లకు పోయాయి, కొన్ని నూతి చేదలకు పోయాయి. చివరి ముక్కను, అంటే నన్ను, మూడు ముళ్ళతో సహా గౌరీసు చుట్ట చుట్టి ఇప్పలవలస తీసుకెళ్ళాడు. అతనికి తెలిసిన మంచి పని అదొక్కటే. దాలమ్మ ఇప్పుడు కర్ర మీద కూడా సరిగా నిలబడలేదు. గుమ్మం నుంచి పెరటి చివరి మరుగుదొడ్డి దాకా వెళ్ళాలంటే ఏదో ఒక ఆసరా ఉండాలి. అతను రెండు గుంజలు పాతి నన్ను బిగించాడు.

"అక్కా, ఇదిగో. సెయ్యి పెట్టు" అన్నాడు.

దాలమ్మ వేలి కొసలు నాకు తగిలాయి. నన్ను పోల్చుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం చాలింది. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తీసీ తమ్ముడూ."

"నీ కోసమే తెచ్చినాను అక్కా. గట్టి తాడు."

"గట్టిదే. తీసీ."

నూకాలు తీయనివ్వలేదు. "ఎందుకు తీయడం, బట్టలారేసుకుంటాను" అంది. అలా నేను ఉండిపోయాను. దాలమ్మ రోజూ మట్టిగోడ వెంబడి, వంకరగా అతుక్కున్న తుంటిని ఈడ్చుకుంటూ, ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కర్ర పట్టుకుని దొడ్డికి వెళ్ళి వచ్చేది. నా మీద నూకాలు చీరలు, నూకాలు పిల్లల చొక్కాలు ఆరేవి. ఒక్కోసారి గాలికి ఆ తడిబట్ట దాలమ్మ మొహానికి కొట్టేది. ఆమె తప్పించుకుని నడిచేది.

ఈ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. తొమ్మిది రోజులు తెరిపి లేకుండా కురిసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ మట్టిగోడ నాని, మెల్లగా వంగి, పెరట్లోకి కూలిపోయింది. మర్నాడు పొద్దున్నే దాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి చాపింది. గోడ ఉండాల్సిన చోట గాలి తగిలింది. కర్రతో ముందుకు పొడిచి చూసింది. అంతా బురద, మట్టిగడ్డలు. ఇంట్లో ఎవరూ లేరు. నూకాలు ఊడుపులకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు గుమ్మానికీ దొడ్డికీ మధ్య ఉన్నది నేనొక్కదాన్నే. ఆమె కుడిచేతికి జానెడు దూరంలో, వానకు తడిసి, బిగుతుగా. ఆ సంగతి ఆమెకు తెలుసు. తడి పీచు వాసన ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. తరవాత కర్ర పక్కన పెట్టి, మెల్లగా నేలమీద కూర్చుంది. పాడైన కాలును రెండు చేతులతో పట్టుకుని ముందుకు జరుపుకుంది. అరచేతులు బురదలో ఆనించి, నేలను తడుముకుంటూ, పిరుదుల మీద జరుగుతూ నా కిందుగా వచ్చింది. ఆమె తల వెంట్రుకలు నన్ను రాసుకున్నాయి. చెయ్యి మాత్రం పైకి లేవలేదు.